గాజుతొట్టిలో పగడం జబ్బుపడితే

నెల్లూరు తీరంలో పగడం పుట్టదు. రామాయపట్నం నుంచి మైపాడు, కృష్ణపట్నం మీదుగా తూపిలిపాలెం వరకు మన సముద్రపు అడుగు ఇసుక, ఒండ్రుమట్టి. పగడపు దిబ్బ పెరగాలంటే పట్టు దొరకడానికి గట్టి రాయి ఉండాలి, సూర్యకాంతి లోతుకు దిగేంత తేటనీరు ఉండాలి, ఏడాది పొడవునా పెద్దగా మారని ఉప్పదనం ఉండాలి. ఈ మూడూ మన దగ్గర లేవు. పెన్న, స్వర్ణముఖి తెచ్చే బురద ఒకవైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వాన మరొకవైపు. వాన ముదిరిన ఆ నెలల్లో తీర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. గోదావరి, కృష్ణలవే గాక గంగ నీళ్లు కూడా కలిసి ఉప్పు తగ్గిన నీరు మన ఒడ్డు వెంబడి దిగివస్తుంది. దగ్గరలో పగడపు దిబ్బలు ఎక్కడున్నాయంటే, రామేశ్వరానికీ తూత్తుకుడికీ మధ్యనున్న మన్నారు సింధుశాఖలో ఇరవై ఒక్క చిన్న దీవుల చుట్టూ ఉన్నాయని చెప్పాలి.

అయినా నేడు నెల్లూరు, కావలి, గూడూరు పట్టణాల ఇళ్లలో పగడాలు కనిపిస్తున్నాయి. రొయ్యల హ్యాచరీలలో పనిచేసే యువకులకు ఉప్పునీటి మర్మం కొంత తెలుసు. గల్ఫ్‌లో ఉద్యోగం చేసి వచ్చినవారు అక్కడి పెద్ద దుకాణాలలో రంగురంగుల తొట్లు చూసి ఉంటారు. చెన్నైలో అలంకార చేపలకు పేరుపొందిన కొళత్తూరు రెండు మూడు గంటల ప్రయాణం. కోరిక కలిగినవాడికి ఇంతకంటే ఏం కావాలి? మా ఇంట్లోనూ కొన్నేళ్లుగా ఒక చిన్న ఉప్పునీటి తొట్టి ఉంది. అరబ్బీ వ్యాకరణం బోధించే మనిషికి ఇదేమి వ్యాపకమని నవ్వేవారున్నారు. ఆ నవ్విన ఇళ్లనుంచే, పగడం వాడిపోయినప్పుడు ఫోన్లు వస్తాయి. ఆ ఫోన్లలో చెప్పే మాటలనే ఇక్కడ కాస్త క్రమంగా రాస్తున్నాను.

ముందుగా ఇది ఏ జీవి? దివ్య ఖుర్‌ఆన్‌లోని రహ్మాన్ సూరాలో ‘మర్జాన్’ అనే పదం రెండుచోట్ల వస్తుంది. దానికి పగడమని అర్థం చెప్పినవారున్నారు, చిన్న ముత్యాలని చెప్పిన పూర్వ వ్యాఖ్యాతలూ ఉన్నారు. మధ్యయుగపు ముస్లిం తత్త్వవేత్తలు పగడాన్ని గురించి చాలా ఆలోచించారు. రాయిలా గట్టిగా ఉండి చెట్టులా కొమ్మలు వేస్తుంది గనుక ఇబ్న్ మిస్కవైహ్ దానిని ఖనిజాలకూ వృక్షాలకూ నడిమి సరిహద్దుపై నిలిపాడు. అది జంతువని 18వ శతాబ్దంలో, ఉత్తర ఆఫ్రికా తీరంలో బతికున్న పగడాన్ని నీటిలోనే పరిశీలించి, పెసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు చెబితే ఆనాటి పెద్దలు చాలాకాలం ఒప్పుకోలేదు. మన తీరానికి పగడంతో ఉన్న పాత సంబంధం ఆభరణాల సంబంధమే. మధ్యధరా సముద్రపు ఎర్ర పగడాన్ని యూదు వర్తకులు మద్రాసుకు తెచ్చి, బదులుగా మన గోల్కొండ సీమ వజ్రాలను పట్టుకుపోయేవారు. చెన్నై జార్జిటౌన్‌లో పగడాల వర్తకుల పేరిట ఒక వీధి నేటికీ ఉంది.

తొట్టిలో మనం పెంచే పగడం ఆభరణాల పగడం కాదు. ఒక్కో పగడం వందలాది చిన్న జీవుల కాపురం. ఆ చిన్న జీవిని పాలిప్ అంటారు: ఒక నోరు, దాని చుట్టూ చేతులవంటి తంతువులు. దాని కండలో కంటికి కనిపించని నాచు నివసిస్తుంది. ఆ నాచు వెలుతురుతో తయారుచేసిన ఆహారంలో అధికభాగాన్ని ఇంటి యజమానికి ఇచ్చేస్తుంది. పగడానికి మనం చూసే గోధుమ, ఆకుపచ్చ ఛాయలలో చాలావరకు ఈ అద్దెదారువే. కాబట్టి పగడం జబ్బుపడిందంటే జంతువుకు జబ్బా, నాచుకు జబ్బా, ఆ రెంటి పొత్తు చెడిందా అని మూడు విధాలుగా ఆలోచించవలసి ఉంటుంది. వైద్యం తెలిసినవాడు తొందరపడి మందు పోయకపోవడానికి ఇదే కారణం.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలియదు. రాతి అస్థిపంజరం కట్టే పగడాలన్నింటినీ, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికీ ఏనుగుకూ ఉన్న రక్షణే వాటికీ ఉంది. 2022లో చట్టాన్ని సవరించిన తరువాత కూడా అవి అక్కడే ఉన్నాయి. పట్టడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం నేరం. చచ్చిన ముక్కకూ ఇది వర్తిస్తుంది. జిద్దా ఒడ్డున ఏరుకున్న ముచ్చటైన తెల్లని కొమ్మను పెట్టెలో పెట్టుకొని వచ్చే సోదరులు దీనిని గుర్తుంచుకోవాలి. రాతి పగడాల అంతర్జాతీయ రవాణాకు వేరే ఒప్పందపు ఆంక్షలు కూడా ఉన్నాయి. ఆ జాబితాలో లేని మెత్తని రకాలే ఇళ్లలో పెంచదగినవి: తోలు పగడం, పుట్టగొడుగు పగడం, జోవాంథస్ అనే పూల గుత్తివంటి రకం. దుకాణదారు ‘ఇది విదేశీ సరుకు, ఏమీ కాదు’ అన్నంత మాత్రాన రాతి పగడం కొనవద్దు. సందేహముంటే అటవీశాఖ కార్యాలయంలో అడగండి. దిబ్బనుంచి పెరికి తెచ్చిన రాతి పగడానికి వైద్యం నేర్పమంటే నేను నేర్పను. ఈ వ్యాసంలోని చికిత్స అంతా మెత్తని రకాలకే.

రెండేళ్ల క్రితం నవంబరులో, తుపాను వానలు వెలిసిన వారానికి, నా పూర్వ విద్యార్థి ఒకరు ఫోన్ చేశారు. కావలి వైపు ఒక హ్యాచరీలో టెక్నీషియన్. రెండు వందల లీటర్ల తొట్టి, అందులో అరచేయంత తోలు పగడం, కొన్ని పుట్టగొడుగు పగడాలు, ఒక జోవాంథస్ గుత్తి.

“హజరత్, తోలు పగడం తల వంచేసి పది రోజులైంది. హ్యాచరీలో అయోడిన్ ఉంది, యాంటీబయాటిక్ కూడా ఉంది. ఏది పోయమంటారు?” అన్నాడు.

“ఏదీ పోయకు నాయనా. ముందు చూడు. మిగిలినవి ఎలా ఉన్నాయి?” అన్నాను.

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. తోలు పగడానికి ఒక అలవాటు ఉంది. కొన్ని వారాలకో నెలలకో ఒకసారి అది ముడుచుకుపోయి, పైన మైనం పూసినట్టు మెరిసే పొర కడుతుంది. తన మీద పేరుకున్న నాచునూ మురికినీ ఆ పొరతోపాటు వదిలించుకుంటుంది. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పట్టవచ్చు. పాము కుబుసం విడిచినట్టన్నమాట, అది జబ్బు కాదు. ఆ సమయంలో కాస్త బలమైన నీటి ప్రవాహం దాని మీదుగా పోయేలా చేస్తే చాలు. జబ్బనుకొని మందులు పోసి, చేతితో పొర గీకి, చోటు మార్చి, చివరకు నిజంగా చంపుకున్న ఇళ్లు నాకు తెలుసు. అది ఒక్కటే ముడుచుకొని మిగిలినవన్నీ విచ్చుకొని ఉంటే ఓపికే మందు. ఒక రకం అలిగితే ఆ రకంలో కారణం వెతకాలి, అన్ని రకాలూ అలిగితే నీటిలో వెతకాలి.

అతని తొట్టిలో పుట్టగొడుగులు కూడా ముడుచుకున్నాయి. జోవాంథస్ గుత్తి మొత్తం మూసుకుపోయింది. కాబట్టి నీళ్లే.

“నీళ్లు చూశాను హజరత్, ఉప్పు ముప్పై నాలుగుంది” అన్నాడు. సముద్రపు నీటికి ముప్పై అయిదు పీపీటీ, అంటే లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు, సామాన్యంగా మేలైన కొలత. కానీ ఆ తొట్టిలో పోసిన నీరు వానల తరువాత ఒడ్డునుంచి తోడినది. మన ఒడ్డున ఆ రోజుల్లో ముప్పై నాలుగు రావడం నమ్మదగినది కాదు. కొలత పరికరంపై డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి చూడమన్నాను. సున్నా చూపవలసినది అయిదు చూపింది. అంటే నీటిలో నిజంగా ఉన్నది ఇరవై తొమ్మిది. రొయ్యల గుంటలో వనామీ ఇరవై తొమ్మిదిలోనూ పదిలోనూ కూడా పెరుగుతుంది గనుక ఆ పరికరం తప్పు చూపుతున్నా ఎవరికీ పట్టలేదు. పగడానికి ఆ తేడా భరింపరానిది. దాని కండకు లోపలా బయటా ఉప్పు సమానంగా ఉండాలి. బయట ఉప్పు తగ్గితే నీరు కణాలలోకి చొరబడి ఉబ్బిస్తుంది.

తరువాత నీటిని సీసాలో పట్టి ఆక్వా ల్యాబ్‌కు తీసుకుపొమ్మన్నాను. ఈ విషయంలో నెల్లూరు వాసులు అదృష్టవంతులు. హైదరాబాదులో ఉప్పునీటి తొట్టి పెట్టినవారు పరీక్షల కిట్లకు వేలు ఖర్చు చేస్తారు. మన దగ్గర రొయ్యల రైతుల కోసం ఊరూరా ల్యాబులున్నాయి. ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా, నైట్రైట్ అన్నీ కొద్ది రుసుముతో చూసి కాగితం ఇస్తారు. అయితే ఆ కాగితాన్ని చదవడంలో ఒక మెలిక ఉంది. గుంటల లెక్కలో కాల్షియం, మెగ్నీషియంలను చాలాచోట్ల ‘కాల్షియం కార్బొనేటు రూపంలో’ రాస్తారు. పగడాల పుస్తకాలు శుద్ధ కాల్షియం చెబుతాయి. కాగితంలో కాల్షియం హార్డ్‌నెస్ 1030 అని ఉంటే దానిని రెండున్నరతో భాగించాలి, 412 వస్తుంది. అదే సహజ సముద్రపు కొలత. మెగ్నీషియం హార్డ్‌నెస్‌ను సుమారు 4.1తో భాగించాలి, 1250 నుంచి 1350 మధ్య వస్తే మంచిది. ఆల్కలినిటీని పెంపకందారులు ‘డీకేహెచ్’ అనే జర్మన్ కొలతలో చెప్పుకుంటారు. ల్యాబ్ అంకెను 17.9తో భాగిస్తే అది వస్తుంది. ఏడు నుంచి పదకొండు మధ్య ఉండాలి, అంతకంటే ముఖ్యంగా రోజురోజుకూ మారకుండా ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ కొద్దిగా ఉంటే తప్పులేదు, అసలే లేకపోతే ఈ మెత్తని పగడాలు పాలిపోతాయి. తొట్టిని మరీ కడిగి కడిగి ఆకలితో మాడ్చేవారు కూడా ఉన్నారు.

అతనికి వచ్చిన కాగితంలో ఆల్కలినిటీ 90 ఉంది. అంటే అయిదు డీకేహెచ్. వాననీరు ఉప్పును పలుచన చేసినట్టే దీనినీ పలుచన చేసింది. అమ్మోనియా లేదు. మరొక ప్రశ్న అడిగాను: హ్యాచరీ నీరు తెచ్చావా, నేరుగా సముద్రపు నీరా? హ్యాచరీలలో నీటిని బ్లీచింగుతో శుద్ధిచేసి, థయోసల్ఫేటుతో విరుగుడు చేస్తారు. విరుగుడు పూర్తికాని నీరు తొట్టిలో పడితే ఇవే లక్షణాలు కొన్ని గంటల్లోనే కనిపిస్తాయి. ఇతడు నేరుగా తోడి వడకట్టినది తెచ్చాడు. ఆ అనుమానం తీరింది.

ఇక చికిత్స. ఉప్పు తగ్గిందని తెలిసిన వెంటనే దోసిళ్లతో పోసేయాలనిపిస్తుంది. అది రెండో దెబ్బ అవుతుంది. రోజుకు ఒక పీపీటీకి మించకుండా పెంచాలి. ప్రతిరోజూ తొట్టినుంచి ఆవిరైపోయే నీటికి బదులు మామూలుగా ఆర్‌ఓ మంచినీరు పోస్తాం. ఆ వారం మంచినీటికి బదులు అక్వేరియం ఉప్పు కలిపిన నీటిని, అదీ కొలుచుకుంటూ, పోయించాను. ఇరవై తొమ్మిది నుంచి ముప్పై అయిదుకు ఆరు రోజులు పట్టింది. ఆల్కలినిటీకి వంటసోడా చాలు. బేకింగ్ పౌడర్ కాదు, చాకలి సోడా కాదు, శుద్ధమైన వంటసోడా. వంద లీటర్ల నీటికి మూడు గ్రాములు వేస్తే ఒక డీకేహెచ్ పెరుగుతుంది. అతని రెండు వందల లీటర్లకు ఆరు గ్రాములు, మంచినీటిలో కరిగించి, ప్రవాహం ఉన్నచోట కొద్దికొద్దిగా. ఇది కూడా రోజుకు ఒకటికి మించరాదు. కొత్త ఉప్పుతో వచ్చే ఆల్కలినిటీ కూడా ఉంటుంది గనుక మధ్యలో మరోసారి ల్యాబులో చూపించుకోవాలి.

నాలుగో రోజుకు పుట్టగొడుగులు విచ్చుకున్నాయి. ఒకటి మాత్రం అప్పటికే కరిగిపోయింది. జోవాంథస్ ఆరో రోజున తెరుచుకుంది. తోలు పగడం తెరుచుకోలేదు. వాళ్ల అమ్మీ దానిని చూసి, “ఆ కాడ దగ్గర నల్లగా ఉందేమిటి?” అన్నారట. తొట్టి ముందు రోజూ కూర్చునే కొడుకు కంటికి ఆనని మచ్చ, రోజుకొకసారి వంటింట్లోనుంచి వస్తూ చూసే తల్లి కంటికి ఆనింది. కాడ అడుగున, రాతిని ఆనుకొని ఉన్నచోట, రూపాయి బిళ్లంత మెత్తని నల్ల మచ్చ. తీసి వాసన చూస్తే కుళ్లు. బలహీనపడిన కండలో, నీటి కదలిక చేరని మూలలో, బాక్టీరియా పనిపట్టిందన్నమాట. ఇటువంటప్పుడు మందుతో మచ్చ మానదు. కుళ్లిన భాగాన్ని కోసి వేరుచేయడమే మార్గం.

కోసే ముందు చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు. రెండు ప్లాస్టిక్ టబ్బులు, ఇవి మళ్లీ వంటింట్లోకి వెళ్లరాదు. రెంటిలోనూ తొట్టి నీరే, అదే వేడిలో. కొత్త బ్లేడుతో మచ్చ అంచున కాకుండా ఆరోగ్యమైన కండలోకి ఒక వేలు వెడల్పు పైకి జరిగి ఒకే వేటున కోయాలి. కోసిన ముఖం తెల్లగా, గట్టిగా ఉండాలి. గోధుమ చార కనిపిస్తే ఇంకొంచెం పైకి. తరువాత మొదటి టబ్బులో లీటరు నీటికి అయిదు శాతం లూగాల్ అయోడిన్ అయిదు చుక్కలు కలిపి పది నిమిషాలు ముంచాలి. రెండో టబ్బులో కడగాలి. మందు కలిపిన నీటిని పారబోయాలే గాని తొట్టిలో కలపరాదు. కోసిన తలభాగాన్ని చిన్న రాతిముక్కపై పెట్టి, పైనుంచి దోమతెర గుడ్డను వదులుగా కప్పి రబ్బరు బ్యాండుతో పట్టించాలి. దారంతో బిగించి కడితే కండ తెగుతుంది. మోస్తరు వెలుతురు, మోస్తరు ప్రవాహం ఉన్నచోట ఉంచాలి. తోలు పగడం గాయపడినప్పుడు చుట్టుపక్కల పగడాలకు చేటుచేసే రసాయనాలను నీటిలోకి వదులుతుంది గనుక వారం రోజులు ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, కొంత నీరు మార్చడం అవసరం.

మూడు వారాలకు అది రాతికి అతుక్కుంది. మునుపటి పరిమాణంలో సగమే మిగిలింది. మళ్లీ పాలిప్‌లు బయటికి చాచడానికి మరో నెల పట్టింది.

యాంటీబయాటిక్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే మన ప్రాంతంలో అది చేతికి అందుబాటులో ఉంటుంది. 1990ల నడుమ తెల్లమచ్చ వ్యాధి వచ్చి గుంటలు ఖాళీ అయినప్పుడు, వైరస్‌పై పనిచేయని మందులను గుంటల్లో కుమ్మరించి అప్పులపాలైన కుటుంబాలను ఈ జిల్లా చూసింది. రోగం పేరు తెలియక ముందే మందు కొనే అలవాటు ఆనాటినుంచీ మనకు ఖరీదైనదే. పగడాల విషయంలో యాంటీబయాటిక్‌ను గట్టి ఆధారాలతో వాడుతున్నది ఫ్లోరిడాలో. అక్కడ 2014లో మయామీ దగ్గర మొదలైన కండరాలిపోయే వ్యాధి కరీబియన్ అంతటా వ్యాపించింది. గజ ఈతగాళ్లు సముద్రంలోకి దిగి, అమాక్సిసిలిన్‌ను లేపనంలో కలిపి ఒక్కొక్క పగడం గాయం అంచున పూస్తున్నారు. పూసినచోట గాయం చాలావరకు ఆగుతుంది, కానీ అదే పగడంపై మరోచోట కొత్త గాయం పుట్టకుండా అది ఆపలేదు. గాయం మీద పూసే మందు సంగతే అది. దానినే తొట్టి మొత్తానికి పోస్తే అమ్మోనియాను హరించే మేలిమి బాక్టీరియా చచ్చి, ఉన్న చేపలు కూడా పోతాయి. చేపలకు మచ్చల జబ్బు వచ్చిందని పోసే రాగి మందు కూడా అంతే. చేపను బతికించే మోతాదే పగడాన్ని చంపుతుంది. జబ్బు చేపను వేరే తొట్టిలోకి మార్చి అక్కడే వైద్యం చేయాలి.

నీరు సవ్యంగా ఉండి, ఒకే రకం వాడిపోతున్నప్పుడు ఏం చూడాలి? కొత్తగా తెచ్చినదైతే వెలుతురు. దుకాణంలో మసక దీపం కింద ఉన్నదానిని తెచ్చి మన ప్రకాశవంతమైన ఎల్‌ఈడీ కింద పెడితే ఎండదెబ్బ తగిలినట్టే. దీపాన్ని సగానికి తగ్గించి రెండు మూడు వారాల్లో పెంచుకుంటూ రావాలి. పాతదైతే పొరుగువారిని చూడాలి. ఎయిప్టాసియా అనే కుట్టే పూవు పక్కన మొలిచిందా, ఏదైనా చేప పొడుస్తోందా? రాత్రి దీపాలు ఆర్పిన గంటకు ఎర్ర కాగితం చుట్టిన టార్చితో చూడండి. జోవాంథస్‌ను తినే చిన్న నత్తలు, దాని రంగునే పులుముకొని దాక్కునే సముద్రపు జలగవంటి పురుగులు అప్పుడే బయటికి వస్తాయి. వాటిని పట్టకారుతో ఏరడం, గుడ్లున్న పాలిప్‌ను తీసివేయడం తప్ప సులువైన మార్గం లేదు.

ఎండాకాలపు జబ్బు వేరు. రోహిణి కార్తెలో మన ఇళ్లలోని తొట్టి నీరు ముప్పై రెండు డిగ్రీలు దాటుతుంది. పగడానికి ఇరవై నాలుగు నుంచి ఇరవై ఏడు సుఖం. వేడిమి, వెలుతురు కలిసి ఎక్కువైతే పగడం తన కండలోని నాచును వెళ్లగొడుతుంది. రంగు పోయి తెల్లబడుతుంది. సముద్రంలో మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలుంటే చాలు, ఇదే జరుగుతుంది. మన్నారు దిబ్బలు 2010లోనూ 2016లోనూ ఇలా తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని ప్రకటించారు. సముద్రాన్ని చల్లబరచడం మన వల్ల కాదు, తొట్టిని చల్లబరచవచ్చు. తెల్లబడిన పగడం చచ్చిన పగడం కాదని ముందు గ్రహించాలి. కండ ఉన్నంతకాలం ఆశ ఉంది. దీపాల సమయం తగ్గించండి. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఒడ్డుకు దగ్గరి గ్రామాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అంత ఫలితం ఉండదు, తలుపులు తీసి గాలి ఆడనివ్వాలి. ఫ్యాన్‌తో నీరు వేగంగా ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఆ లోటును మంచినీటితోనే పూడ్చాలి. మంచు గడ్డలు నేరుగా వేయవద్దు. మూసిన సీసాలో నీళ్లు గడ్డకట్టించి తేలేయవచ్చు. నాచును పోగొట్టుకున్న పగడం ఆకలితో ఉంటుంది. పుట్టగొడుగు, జోవాంథస్ రకాలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియాను దీపాలు ఆర్పాక కొద్దిగా అందించండి. ఏ హ్యాచరీలో అడిగినా గుప్పెడు దొరుకుతుంది. కరెంటు పోయే వేళలకు బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట్లో ఉండాలి. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ, పంపు ఆగిన ఒక్క రాత్రి చాలు.

పిల్లలున్న ఇళ్లవారు ఈ తరువాతి మాటను శ్రద్ధగా చదవాలి. జోవాంథస్ జాతిలో, దాని దగ్గరి చుట్టమైన పాలిథోవాలో, పాలిటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. ప్రకృతిలో తెలిసిన అతి తీవ్రమైన విషాలలో అదొకటి. రంగుచూసి ఏది విషపూరితమో చెప్పలేము. తొట్టిలో ఊరికే ఉన్నంతసేపు ప్రమాదం లేదు. పగిలిన చర్మానికి రసం తగిలినప్పుడు, కోస్తుంటే కంట్లో చింది పడినప్పుడు, అన్నింటికంటే ముఖ్యంగా రాతిని శుభ్రం చేద్దామని వేడినీళ్లు పోసినప్పుడో మరిగించినప్పుడో ఆవిరితో విషం గాలిలో కలుస్తుంది. 2018లో ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంటివారు తొట్టిలోని పగడాన్ని కదిలించి శుభ్రం చేసిన రాత్రి కుటుంబమంతా జ్వరంతో, దగ్గుతో, ఊపిరాడక ఆసుపత్రి పాలైంది. సాయానికి వచ్చినవారికి కూడా వైద్యం చేయవలసి వచ్చింది. మన ఇళ్లలో పండుగకు ముందు అన్నింటినీ వేడినీళ్లతో కడిగే ఆచారం ఉంది. తొట్టి రాళ్లు ఆ జాబితాలో ఉండకూడదు. అవి పట్టుకున్న తరువాత నోట్లో లోహపు రుచి, గొంతులో మంట, ఆయాసం, కండరాల నొప్పి అనిపిస్తే కిటికీలు తెరిచి అందరూ బయటికి రావాలి, ఆసుపత్రికి వెళ్లి పగడం పేరు చెప్పాలి. చెప్పకపోతే మామూలు జ్వరమనుకుంటారు. లూగాల్ సీసాను, వంటసోడా పొట్లాన్ని కూడా పేరు రాసి పిల్లలకు అందనిచోట పెట్టండి.

ఎన్ని చేసినా కొన్ని పోతాయి. కండ నీటిలో దారాలుగా కరిగిపోతూ, గోధుమరంగు జిగురు అలుముకొని, కుళ్లు వాసన వస్తుంటే దానిని ఉంచరాదు. ముందు పంపులు ఆపి, సన్నని గొట్టంతో ఆ జిగురును బకెట్‌లోకి పీల్చివేయాలి, లేకుంటే ప్రవాహంతో పక్కవాటిపై పడుతుంది. తరువాత పగడాన్ని రాతితో సహా తీసి, కొంత నీరు మార్చి, మూడు రోజులు అమ్మోనియా చూడాలి. ఏది ఎప్పుడు ముడుచుకుంది, ఆరోజు ఉప్పెంత, వేడి ఎంత అని తేదీతో ఒక నోటుపుస్తకంలో రాసే అలవాటు ఉన్నవారికి రెండోసారి కారణం త్వరగా దొరుకుతుంది. చిక్కు తెగకపోతే ముత్తుకూరులోని మత్స్యశాస్త్ర కళాశాలవారిని అడగవచ్చు.

తీసినదానిని గాని, విసిగిపోయి తొట్టి ఎత్తివేసినప్పుడు బతికున్నవాటిని గాని బకింగ్‌హాం కాలువలోనో మైపాడు ఒడ్డునో వదలకండి. దయతో వదిలినట్టు అనిపిస్తుంది, కానీ వేరే సముద్రపు జీవి మన నీటిలో వేరూనితే తీయడం అసాధ్యం. అమెరికా తూర్పు తీరంలో పెంపుడు తొట్ల సింహపు చేపలు ఎలా విస్తరించాయో చూస్తున్నాం. బతికున్నవాటిని మరో పెంపకందారుకు ఇవ్వండి. చచ్చినదానిని తొడుగులు వేసుకొని సంచిలో మూటకట్టి పూడ్చండి. మిగిలిన తొట్టి నీటిలో బ్లీచింగు కలిపి ఒక రాత్రి ఉంచి, మరునాడు మురుగుకాలువలో పోయండి. పెరటి మొక్కలకు మాత్రం పోయకండి, ఆ ఉప్పుకు అవి నిలవవు.